ఆమె కలు

పర్లాకిమిడి సహకార బ్యాంకులో
మధ్యాహ్నం మూడున్నరకి ఎవరో "నానీ" అని కేకేస్తే
ఇద్దరు తలెత్తుతారు.
టీ గ్లాసుల బుట్టతో గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు,
రెండో కౌంటర్లో కళ్ళజోడు తుడుచుకుంటున్న బనజా పాణిగ్రాహి.
వాడికది ముద్దుపేరు.
ఆవిడకది ఒడియాలో అక్క.
ఎవరు పలకాలో కేకలో ఉండదు.

నాది మహేంద్రతనయకు అవతలి ఒడ్డు.
పాతపట్నం నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి
ఈ ఆకుపచ్చ అక్షరాల పాత టెర్మినళ్ళకి
మూడేళ్ళుగా నాటు వైద్యం చేస్తున్నాను.

సోమవారం నుంచి జబ్బు ఇది:
వరుస చివరికి తీసుకెళ్ళాల్సిన మీట నొక్కితే
గీత కదలదు, పక్క ఖాతా తెరుచుకుంటుంది.
ఇసాకు గొమాంగో ధాన్యం డబ్బు
ఇంకో గొమాంగో పుస్తకంలోకి పోయింది.
పద్దెనిమిది వందల అరవై.
ఆయన అరవలేదు.
పాసుబుక్కు తలకిందులు చేసి పట్టుకుని
అటునుంచి కూడా ఓసారి చూశాడు.

రాత్రి కరెంటొచ్చాక ఫైలు విప్పాను.
మీట నొక్కితే మీట పేరు రాదు.
ఎస్కేప్, ఒక బ్రాకెట్, ఒక అంకె, ఒక అల గుర్తు,
చీకట్లో ఒకదాని వెనక ఒకటి దిగుతాయి.
లోపల లైబ్రరీ అనే గుమాస్తా
ముందే ఒక చెట్టు వేసుకుని కూర్చుంటాడు.
అక్షరానికో కొమ్మ, కొమ్మ కొసన ఒక పేరు.
ఒకే కొసకి రెండు పేర్లు రాసిచ్చామనుకోండి,
గొడవ పడడు. ఇదేమిటని అడగడు.
మొదటి పేరు తుడిచేసి రెండోది అంటిస్తాడు.
ఆలస్యంగా వచ్చినవాడిదే ఇల్లు.
ముందున్నవాడు ఏమయ్యాడో
ఏ కాగితమ్మీదా ఉండదు.

రెండు వరుసలూ దొరికాయి.
పైది ఎవరో పాతకాలపు మనిషిది, పొందిగ్గా ఉంది.
కిందది
శనివారం నాటిది.
కంప్యూటర్లో చేతిరాతలుండవంటారు గానీ
నాది నేను గుర్తుపట్టాను.
బరంపురం నుంచి కొత్త కీబోర్డు వచ్చిన సాయంత్రం,
పకోడీ జిడ్డు వేళ్ళతో, పైన ఏముందో చూడకుండా.

పొద్దున్నే భువనేశ్వర్ నుంచి ఫోను.
స్పీకర్లో పెద్దసారు గొంతు: "కిఏ కలా?"
ఎవరు చేశారు?
బనజా పాణిగ్రాహి ఫోను వైపు వంగి
"ఆమె" అంది.

నా చెవి తెలుగుది. తక్షణం పేరు అంటించేసింది.
ఆమె అంటే ఏ ఆమె?
నా కళ్ళు మూడో కౌంటర్ మీదికి పోయాయి.
కిందటి నెలే చేరిన సంజుక్త
రబ్బరు స్టాంపుకి సిరా అద్దుకుంటోంది, ఏమీ ఎరగదు.
నాకు హాయనిపించింది.
ఒక్క క్షణమే, కానీ అనిపించింది. అదీ రాయాలి.

ఎస్కేప్ చేతికందగానే
ఆ గుమాస్తా కూడా అర్థం చెప్పుకోడు.
రెప్పపాటు ఆగుతాడు, వెనక ఇంకేదైనా వస్తోందేమోనని.
ఏదీ రాకపోతేనే అది ఒంటరిదని తేలుస్తాడు.
ఆ పాటి ఓపిక
నాకు లేకపోయింది.

"కలు" అంది బనజా.
ఆమె కలు.
క్రియ వచ్చి తలుపు తట్టాక గాని నాకు తెలియలేదు
వాళ్ళ భాషలో ఆమె అంటే మేము.
మేం చేశాం, సార్. సరిచేస్తాం.

రిసీవరు పెట్టేసి నా వైపు చూళ్ళేదావిడ.
ఇసాకు గొమాంగో డబ్బు ఎక్కిస్తూ
అంకెలు పైకి చదువుకుంటోంది, ఒడియాలో, నెమ్మదిగా.
నేను కింది వరుస చెరిపాను.
మీట నొక్కితే గీత చివరికి వెళ్ళి ఆగింది.
నాలుగుసార్లు నొక్కాను, అక్కర్లేకపోయినా.

తర్వాత గొంతు సవరించుకుని
"నానీ" అన్నాను.
ఎవర్ని పిలిచానో సరిగ్గా నాకూ తెలీదు.
కుర్రాడు రెండు గ్లాసులు పెట్టి వెళ్ళాడు.